మిట్ట మీద ఒక చెయ్యి

మా ఇంటి గోడ పడిన వరదకు అది ఏడో ఏడు. ఆ శనివారం మధ్యాహ్నం చూసేసరికి చేతి సైకిలుకు ముందు చక్రం లేదు.

సైకిలు నట్టింట్లో నేల మీద ఉంది. వెనక రెండు చక్రాలూ ఉన్నాయి. వెల్లకిలా పడుకునే సీటు ఉంది. కాళ్ళు పెట్టుకునే తొట్టి ఉంది. చేతులతో తిప్పే పిడులు ఉన్నాయి. ముందు చక్రం ఉండాల్సిన చోట మాత్రం రెండు ఇనుప కొమ్ములు, వాటి మధ్య ఖాళీ. తెల్లవారితే పందెం.

"అమ్మా, చక్రం ఏదీ?" అంది చీమ.

చీమ నా మనవరాలు. చిన్నప్పుడు పంచదార డబ్బా ఎక్కడ దాచినా పట్టేసేది గనక ఆ పేరు నిలిచిపోయింది. గోడ మీద పడిన నాడు బడిపిల్ల. ఇప్పుడు ఆమె భుజాలు చూస్తే ఇంటికొచ్చిన మగపిల్లలు చొక్కా చేతులు కిందికి దించుకుంటారు. చక్రాల కుర్చీని గుమ్మానికి అడ్డంగా పెట్టి కూర్చుంది, వాళ్ళమ్మ బయటికి పోకుండా.

వాళ్ళమ్మ, అంటే నా కూతురు, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని.

"నిన్నే అమ్మా!"

"వినబడింది."

"వినబడితే చెప్పు."

"వినబడిందన్నాను. చెబుతానన్నానా?"

మిషన్ టకటకలాడింది. చీమ కుర్చీ రెండు జానలు ముందుకు జరిగింది.

"రేపు పరిగెత్తేది ఊళ్ళో పందెం కాదు. దేశం జట్టుకి. ఆడవాళ్ళలో మొదటి ఇద్దర్నే తీసుకుంటారు. రెండేళ్ళ నుంచి దీనికోసమే కదా చస్తున్నాను!"

"అందుకే చెబుతున్నా, చావద్దని. నీ నడుం కింద ఎర్రగా ఉంది. నొక్కి చూశాను. తెల్లబడలేదు."

చీమ కుర్చీ ఆగింది.

నడుము కింద ఆమెకు స్పర్శ లేదు. కాలినా తెలియదు, ఒరుసుకుపోయినా తెలియదు. అందుకని పొద్దునా సాయంత్రమూ వాళ్ళమ్మ చూస్తుంది. ఎక్కడైనా ఎరుపు కనబడితే బొటనవేలితో నొక్కి వదులుతుంది. నొక్కిన చోటు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. తెల్లబడకుండా అలాగే ఉంటే లోపల కండ చెడుతోందని అర్థం. మూడేళ్ళ కిందట అలాంటి ఎరుపే పుండైంది. వానాకాలం మొదలైనప్పుడు ఆసుపత్రిలో బోర్లా పడుకున్న పిల్ల, వానలు వెలిశాక లేచింది.

"ఒక్క పూట అమ్మా. తర్వాత ఎన్నాళ్ళు బోర్లా పడుకోమంటే అన్నాళ్ళు పడుకుంటాను."

"అప్పుడూ ఇదే మాట."

"అప్పుడు నేను చిన్నపిల్లని."

"పుండు నీ వయసు అడిగి వస్తుందా?"

"తాతా! నువ్వైనా చెప్పు!"

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. ఏమీ అనలేదు.

"బాగుంది. ఇంట్లో ఒక మిషన్, ఒక రాయి. మధ్యలో నేను," అంటూ చీమ కుర్చీ తిప్పి వెతుకుడు మొదలుపెట్టింది. బీరువా వెనక చూసింది. నీళ్ళ డ్రమ్ము వెనక చూసింది. గుడ్డల మూటలు ఒక్కొక్కటీ లాగి కింద పడేసింది. ఆమె లాగడం, వాళ్ళమ్మ ఏరి మళ్ళీ పైన పెట్టడం. ఇద్దరి నోటా ఒక్క మాట లేదు. అరుపులకన్నా అదే ఎక్కువ చప్పుడుగా ఉంది.

అంతలో వీధిలో వ్యాను హారన్ మోగింది. విజిల్ మాస్టారు వచ్చాడు. చీమకు పందెం నేర్పే మనిషి. మెడలో విజిల్ తీయకుండానే నిద్రపోతాడని పిల్లలు చెప్పుకుంటారు.

"సైకిలు ఎక్కించేద్దామా?" అంటూ లోపలికొచ్చి, కొమ్ముల మధ్య ఖాళీ చూసి ఆగిపోయాడు. "ఇదేంటి, పళ్ళు రాలిన ముసలాడిలా ఉంది?"

నేను నోరు మూసుకున్నాను. నాకూ ముందు పళ్ళు లేవు.

"నేనే తీశాను తమ్ముడూ," అంది నా కూతురు లేచి నిలబడి. "పంపను. నువ్వు ఎన్ని చెప్పినా పంపను. తెల్లబడలేదు."

మాస్టారి మొహం మారింది. "నిజంగా తెల్లబడలేదా అక్కా?"

"నా వేలు అబద్ధం చెబుతుందా?"

"అయితే పందెం లేదు చీమా," అన్నాడు.

"సార్!"

"జట్టు వచ్చే ఏడూ ఉంటుంది. ఒళ్ళు చెడితే వచ్చే ఏడు నువ్వు ఎక్కడుంటావు?"

నా కూతురు తెల్లబోయింది. మధ్యాహ్నమంతా పోట్లాటకు మాటలు కూడబెట్టుకున్న మనిషి. ఎదుటివాడు మొదటి మాటకే ఒప్పుకునేసరికి ఆ మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీమ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

"ఇంకొక్కసారి చూడక్కా," అన్నాడు మాస్టారు మెల్లగా. "మేం అటు తిరుగుతాం."

నేను మంచం మీంచి లేచాను. చీమ కుర్చీలోంచి చేతుల మీద మంచానికి జరిగి బోర్లా పడుకుంది. మాస్టారూ నేనూ గోడకేసి తిరిగి నిలబడ్డాం. కొత్త గోడ. సున్నం పెచ్చు ఒకటి ఊడింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

వెనక నుంచి నా కూతురి గొంతు. "ఇదిగో, ఇక్కడ. కాస్త నూనె రాసి చూస్తాను... తెల్లబడదు, నాకు తెలుసు... ఆగు. ఇదేంటి?"

"ఏంటమ్మా?"

"నా వేలు ఎర్రగా అయింది."

"రక్తమా?" అన్నాడు మాస్టారు గోడతో.

"కాదు. రక్తం కాదు. ఇది... రుద్దితే పోతోంది."

తర్వాత మాస్టారు, చాలా మర్యాదగా, గోడనే అడిగాడు. "అక్కా, సీటుకు కొత్త గుడ్డ వేశారు కదా. అది ఏ రంగు?"



"అమ్మా, సార్ అడుగుతున్నారు," అంది చీమ.

"ఎరుపు," అంది నా కూతురు. "యూనిఫారం గుడ్డ. మిగిలిన ముక్క."

"నిన్న వానలో చీమ సాధన చేసి వచ్చింది."

"చేసింది."

"గుడ్డ నానింది."

"నానింది. నా మతి మండా, నానింది!"

చీమ నవ్వు మొదలైంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత మంచం కదిలింది. నవ్వుతూ నవ్వుతూ తల మంచం అంచు మీంచి కిందికి వేలాడేసింది. టక్కున ఆగి కెవ్వున అరిచింది.

"చక్రం!"

మంచం కింద ఉంది.

"తాతా! ఇందాకట్నుంచీ నువ్వు దీని మీదే కూర్చున్నావా?"

"మంచం మీద," అన్నాను.

"నాన్నా, నువ్వు చూశావా నేను పెట్టడం?" అంది నా కూతురు.

తల ఊపాను.

"చూసీ ఎవరికీ చెప్పలేదా?" అంది చీమ. "ఈయన చేత పోలీసులు కూడా నోరు తెరిపించలేరు!"

మాస్టారు గోడకు తల ఆనించి పగలబడి నవ్వుతున్నాడు. నా కూతురు మాత్రం నూనె గుడ్డతో ఆ రంగంతా తుడిచి, మళ్ళీ నొక్కి, మళ్ళీ చూసి, దుప్పటి కప్పింది. కింద చర్మం శుభ్రంగా ఉందట. తర్వాత సీటు గుడ్డను పర్రున చింపి అవతల పారేసింది. నలుపు రంగుది తీసుకుని మిషన్ ముందు కూర్చుంది.

"రేపు నేనూ వస్తాను," అంది.

చీమ పందేలు మొదలుపెట్టాక వాళ్ళమ్మ ఒక్కదానికీ రాలేదు. ఆ రోజంతా మిషన్ తొక్కుతూ కూర్చునేది. ఒకసారి అలా కూర్చుని చొక్కాకు మూడు చేతులు కుట్టింది.

*

తెల్లవారి బయల్దేరుతుంటే గడప దగ్గర నా కూతురి కుడి చెయ్యి కుర్చీ వెనక్కి వెళ్ళింది.

"అమ్మా, నేను దాటగలను."

"దాటు. ఎవరొద్దన్నారు?" అంది. చెయ్యి మాత్రం తీయలేదు.

వ్యానులో మాస్టారు మాకు పని పంచాడు. మిట్ట చివర మలుపు దగ్గర మేమిద్దరం నిలబడాలి. మిట్టంటే రైలు పట్టాల మీదుగా వేసిన వంతెన ఎక్కుడు. అక్కడ బళ్ళు నెమ్మదిస్తాయి. నీళ్ళ సీసా అందించడానికి అదే చోటు.

"సీసా ఇవ్వచ్చు. మొహాన నీళ్ళు కొట్టచ్చు. గొంతు పోయేలా అరవచ్చు. బండిని మాత్రం ముట్టుకోకూడదు. చెయ్యి తగిలిందా, ఆమె ఆ పందెంలో లేనట్టే."

"చెవులున్నాయి తమ్ముడూ," అంది నా కూతురు.

రోడ్డంతా మూసేశారు. గోదాముల వెంట తిన్నగా పోయి, మిట్ట ఎక్కి, మలుపు తిరిగి, జారుడు దిగి, మొదలైన చోటికే రావాలి. అలా ఆరు చుట్లు. గీత దగ్గర బళ్ళన్నీ బారుగా నిలబడ్డాయి. నిలబడ్డాయి అనకూడదు, పడుకున్నాయి. మనుషులు నేలకు మూరెడు ఎత్తున వెల్లకిలా పడుకుని ఉన్నారు. కాళ్ళు ముందుకు, మొహాలు ఆకాశానికి, చేతులు పిడుల మీద. ఒక్కో బండి వెనక సన్నటి కర్రకు చిన్న జెండా. ఆ జెండాలే లేకపోతే దూరం నుంచి రోడ్డు మీద ఏమీ ఉన్నట్టే కనబడదు.

నేను బతుకంతా మూడు చక్రాల బండి మీద ఐసు దిమ్మలు తోలాను. కరిగేలోపు చేరాలి. తొందర అంటే ఏంటో నాకు తెలుసనుకునేవాణ్ణి, ఈ పందేలు చూసేదాకా.

చీమకు అటు అందరూ ఈతగత్తె అని పిలిచే ఆమె ఉంది. భుజాలు తలుపు రెక్కల్లా ఉంటాయి. ఇటు టీచరమ్మ. లెక్కలు చెప్పేదట, బస్సు ప్రమాదం జరిగేదాకా. తల సగం నెరిసింది.

"చీమా," అంది టీచరమ్మ హెల్మెట్టు బిగించుకుంటూ, "నా వెనక దాక్కుని గాలి తప్పించుకుందామని చూస్తున్నావేమో. వెనక బెంచీ వాళ్ళని నేను చాలామందిని చూశాను."

"మీరు ముందుంటేనే కదా టీచర్ దాక్కునేది!"

"అదీ చూద్దాం. ఈ ఏడు కాకపోతే నాకు ఇంకో ఏడు లేదు. భుజం అరిగిపోయిందన్నాడు డాక్టరు."

చీమ నవ్వు ఆపి పిడులు పట్టుకుంది.

తుపాకీ పేలింది. చైన్లన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి.

మేం మలుపు చేరేసరికి మొదటి చుట్టు రానే వచ్చింది. ముందు చప్పుడు వినబడింది, తేనెపట్టు కదిలినట్టు. తర్వాత మిట్ట కింద జెండాలు. ముందు ఈతగత్తె, ఆమె వెనక చక్రానికి చక్రం ఆనించినట్టు చీమ, చీమ వెనక టీచరమ్మ. ముందున్నదానికి గాలంతా తగులుతుంది, వెనకున్నవాళ్ళకు సగమే. అందుకే వంతులు. ఎవరు ఎప్పుడు ముందుకొస్తారు, ఎవరు ఎవర్ని వాడుకుంటారు, అదే ఆటంతా. రెండు చేతులూ ఒక్కసారే పైకి, ఒక్కసారే కిందికి. తిరగలి తిప్పినట్టు తిప్పుతున్నారు. ఆ తిరగలి కొండెక్కుతోంది!

మొదటి చుట్టు నా కూతురు కళ్ళు మూసుకుంది.

రెండో చుట్టు వేళ్ళ సందుల్లోంచి చూసింది.

మూడో చుట్టుకు "అమ్మో, అదేంటి అంత దగ్గరగా పోతారు!" అని నా చెయ్యి పట్టుకుంది. నాలుగో చుట్టుకు నన్ను వదిలేసి రోడ్డంచుకు పోయింది. అయిదో చుట్టుకు జెండా పట్టుకున్న నిర్వాహకుడితో తగువుపడుతోంది.

"అడ్డం లే బాబూ! మా పిల్ల వస్తోంది!"

"నేను రోడ్డు బయటే ఉన్నానమ్మా."

"నీ బొజ్జ రోడ్డు మీద ఉంది!"

చీమ సీసా అందుకుంటూ అరిచింది. "అమ్మా, నన్ను చూడు, ఆయన్ని కాదు!"

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. అప్పటికి ఈతగత్తె చాలా ముందుకు పోయింది. మొదటి చోటు ఆమెదే. మిగిలింది ఒక్క చోటు, అటు టీచరమ్మ, ఇటు చీమ. ఒకసారి ఈ జెండా ముందు, ఒకసారి ఆ జెండా ముందు.

ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి తుప్పర పడింది. రోడ్డు నల్లబడి మెరిసింది.

మిట్ట కింద టీచరమ్మ ముందుంది. చీమ ఆమె వెనక నుంచి పక్కకు తప్పుకుని పైకి లాగుతోంది. లాగుతోంది. పళ్ళు కనబడుతున్నాయి. బండి బండి పక్కకు వస్తోంది.

"లాగమ్మా! లాగు! ఇంకొక్కటి! ఇంకొక్కటి!" నా కూతురి గొంతు అప్పటికే బొంగురు పోయింది. నేనూ అరుస్తున్నాను. ఏం అరిచానో తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

వెనక ఎక్కడో రెండు బళ్ళు ఒకదానికొకటి తగులుకుని ఒకటి బోల్తా పడింది. జనం గొల్లుమన్నారు. జెండా మనిషి విజిల్ వేస్తూ అటు పరిగెత్తాడు. తలలన్నీ అటు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే, మా ముందుకు వచ్చేసరికి, చీమ ముందు చక్రం తెల్లటి గీత మీద పడింది. తడిసిన రంగు. ఈ బళ్ళకు లాగేది ముందు చక్రమే, బరువంతా వెనక. చక్రం సర్రున జారి ఉన్నచోటే తిరిగింది. చీమ చేతులు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. ఆగింది. వెనక్కి ఒక బెత్తెడు జారింది.

నా కూతురి కుడి చెయ్యి సీటు వెనక్కి వెళ్ళింది.

ఒక్క తోపు. గడప దాటించే తోపు. జానెడు కూడా ఉండదు.

చక్రం గీత దాటి రోడ్డును పట్టింది. చీమ కెవ్వున కేక వేసి మలుపు తిరిగిపోయింది.

"చూశావా నాన్నా! చూశావా! ఎలా లాగిందో చూశావా!" నా కూతురు రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది. ఆ చేతుల్లో ఒకటి ఏం చేసిందో ఆమెకు తెలియదు. ఆమె కళ్ళు చూశాను. నిజంగా తెలియదు.

మలుపు మీంచి కింద గీత దాకా కనబడుతుంది. జారుడులో రెండు జెండాలూ కలిసిపోయాయి. ఏది ఎవరిదో తెలియడం లేదు. కింద తిన్నటి రోడ్డు మీద విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. మైకులో మనిషి ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు. గీత. తర్వాత మైకు చీమ అంకె చెప్పింది. రెండో చోటు, అరచక్రం తేడాతో.

నా కూతురు మిట్ట మీంచి కిందికి పరిగెత్తింది. ఆమె పరిగెత్తగా నేను చూసింది వరద నాడే.

నేను నడిచి వెళ్ళేసరికి టీచరమ్మ తన బండిని చీమ బండి పక్కకు తెచ్చి, పడుకునే చెయ్యి చాచి ఆమె మెడ చుట్టూ వేసింది.

"మిట్ట మీద నీ చక్రం జారిన చప్పుడు విన్నాను. అయిపోయిందిలే అనుకున్నాను. ఎలా లాగావే దొంగా?"

"నాకే తెలీదు టీచర్! అలా పట్టేసింది!"

"నాకు నేర్పలేదు చూడు ఎవరూ," అంది టీచరమ్మ. నవ్వుతూనే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పడుకున్న మనిషి కదా.

*

సాయంత్రం ఇల్లంతా జనం. వీధివాళ్ళు మిఠాయి తిన్నారు, చీమ చేతులు పట్టి చూశారు, వెళ్ళారు. చీమ ముందుగదిలో ఫోనుకు అతుక్కుపోయింది.

"అవునే! రెండో! కాదే, ఫొటో తీసి చూశారు, అరచక్రం! రేపు మధ్యాహ్నం జట్టు బండి వచ్చి తీసుకెళ్తుందట! మా అమ్మ? మా అమ్మ ఒక ఆఫీసరు బొజ్జ మీద పడి పోట్లాడింది!"

నేను వంటింట్లోకి వెళ్ళాను. నా కూతురు గిన్నెలు తోముతోంది. కూనిరాగం తీస్తోంది. పక్కన పీట వేసుకు కూర్చున్నాను.

"ఏం నాన్నా, ఆకలా?"

"అమ్మాయ్, మిట్ట మీద నీ కుడి చెయ్యి ఏం చేసిందో తెలుసా?"

"సీసా ఇచ్చింది."

"ఆఖరి చుట్టులో."

"ఆఖరి చుట్టులో సీసా తీసుకోలేదుగా. ఉత్తచేతుల్తోనే నిలబడ్డా..." ఆగింది. చేతిలో గిన్నె అలాగే ఉంది. కుడి చెయ్యి ఒక్కటే మెల్లగా ముందుకు వచ్చింది, ఏదో తోయబోతున్నట్టు. దాన్ని ఎవరిదో చెయ్యిలా చూసింది.

"లేదు," అంది.

గిన్నె కింద పెట్టేసింది.

"లేదు నాన్నా. నేను ముట్టుకోలేదు. అతను చెప్పాడు కదా ముట్టుకోవద్దని. నేను విన్నాను కదా."

ముందుగదిలో చీమ పకపకా నవ్వింది.

"ఎవరు చూశారు?"

"నేను."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు."

కుళాయి కారుతూనే ఉంది. ఆమె కట్టలేదు.

"జానెడు కూడా ఉండదు," అంది చాలాసేపటికి.

"ఉండదు."

"చక్రం అదే పట్టేదేమో."

"పట్టేదేమో."

"అయితే? ఏడేళ్ళు నాన్నా! దాని ఒళ్ళు వేలితో నొక్కి నొక్కి చూసుకుంటూ బతికాను. ఇవాళ మొదటిసారి అది నవ్వుతుంటే నాకు భయం వేయలేదు. ఆ నవ్వు నువ్వు ఆపుతావా?"

"టీచరమ్మకు ఇంకో ఏడు లేదు," అన్నాను.

"నా కూతురికి ఎన్ని ఉన్నాయో నువ్వు చెప్పగలవా?"

చెప్పలేను.

ఆమె తడిచేతుల్తో నా మోకాళ్ళు పట్టుకుంది. "ఇన్నేళ్ళుగా నువ్వు మాట్లాడవని ఊరంతా నవ్వింది. ఎప్పుడైనా నేను నొచ్చుకున్నానా? నీ పద్ధతి అదిలే అనుకున్నాను. రేపు ఒక్క రోజు అదే పద్ధతిలో ఉండు. బండి వచ్చి తీసుకెళ్ళేదాకా."

"పందెం దానిది అమ్మాయ్. నీదీ కాదు, నాదీ కాదు."

"అందుకే. ఆ గెలుపు దాన్ని అనుభవించనీ."

"అమ్మా!" చీమ కేక. "సార్ ఫోన్లో! నీతో మాట్లాడతారట! ఇవాళ నీ అరుపుకే గెలిచానట!"

నా కూతురు చేతులు తుడుచుకుంది. మొహం తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు కోపమూ కాదు, బతిమాలడమూ కాదు. చిన్నప్పుడు బడికి మొదటి రోజు దిగబెట్టి వస్తుంటే అలా చూసింది.

తర్వాత ఫోను అందుకుని నవ్వుతూ మాట్లాడింది. చాలా బాగా నవ్వింది.

మర్నాడు నేను లేచేసరికి చీమ అప్పటికే ముంగిట్లో సైకిలు మీద ఉంది. ముందు చక్రాన్ని దిమ్మ మీదికెత్తి ఉన్నచోటే తిప్పుతోంది. జట్టు బండి వచ్చేదాకా చేతులు ఊరుకోవడం లేదట. చక్రంలో ఊచలు కనబడటం లేదు, ఒక వెలుతురు బిళ్ళలా తిరుగుతోంది. లోపల వాళ్ళమ్మ జట్టు చొక్కాకు కొలత సరిచేస్తోంది. మిషన్ టకటక వినబడుతోంది.

"తాతా, చూడు! నిన్నటికన్నా తేలిగ్గా ఉంది!"

వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. మా మొహాలు ఒక ఎత్తుకు వచ్చాయి. చెయ్యి చాచి బ్రేకు నొక్కాను. ఊచలు ఒకటొకటిగా కనబడి, చక్రం ఆగింది.

"ఏంటి తాతా?"

లోపల మిషన్ ఆగింది.

"నిన్న మిట్ట మీద," అన్నాను, "ఆ చక్రం దానంతట అది పట్టలేదమ్మా."